హ్యాండిల్ నుంచి రిమోట్ దాకా

కారేపల్లికి మోటారు కంటే ముందు రైలు వచ్చింది. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది, 1889లో బొగ్గు బయటికి రావడం మొదలైంది. ఆ బొగ్గు మోయడానికే డోర్నకల్ నుంచి ఇల్లెందుకు పట్టాలు పడ్డాయి. తర్వాత కొత్తగూడెం వైపు ఇంకో లైను చీలడంతో మా ఊరు జంక్షన్ అయింది. 1920లో కంపెనీ పెట్టుకున్న సింగరేణి అనే పేరు కూడా మా మండలంలోని ఊరిదే.

ఆవిరి ఇంజను ఉన్నపళంగా కదిలేది కాదు. డ్రైవరు రావడానికి కొన్ని గంటల ముందే ఫైర్‌మన్ వచ్చి పొయ్యి రాజెయ్యాలి, నీళ్ళు చూసుకోవాలి, ఆవిరి కట్టేదాకా గేజి మీద కన్నేసి ఉండాలి. ఇంజనుకు ప్రాణం వచ్చే వేళకు దాని పక్కన ఒక మనిషి ఉండి తీరేవాడు. మా పెద్దలు యంత్రాన్ని మొదట చూసింది అలాగే.

నాది ఆటో ఎలక్ట్రీషియన్ పని. సెల్ఫ్ మోటార్లు విప్పడం, కార్బన్ బ్రష్షులు మార్చడం, డైనమోలు, ఆల్టర్నేటర్లు, కాలిన వైరింగ్. ఇన్నేళ్ళుగా నా చేతిమీదుగా పోయిన పనంతా దాదాపు ఒక్కదాని చుట్టూనే తిరిగింది: బండి స్టార్ట్ కావడం. అందుకే ఈ మధ్య కార్లకు కంపెనీ బయట బిగిస్తున్న, దూరం నుంచే ఇంజను స్టార్ట్ చేసే రిమోట్ స్టార్టర్ల గురించి చెప్పాలంటే నేను హ్యాండిల్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ కాలపు బస్సయినా లారీ అయినా ముందు బంపరు కింద ఒక కన్నం ఉండేది. అందులో Z ఆకారపు ఇనుప హ్యాండిల్ దూర్చి క్రాంకు తిప్పాలి. ఇంజను అంటుకుంటే సరే. స్పార్కు తొందరపడితే మాత్రం ఇంజను వెనక్కి తన్నేది. ఆ తన్నుకు మణికట్టు దగ్గర ఎముక విరిగేది. లోకమంతటా ఎంతమందికి విరిగిందంటే, ఆ విరుపుకు డాక్టర్లు ‘షోఫర్ ఫ్రాక్చర్’ అనే పేరే పెట్టారు. ఆ పేరు ఎముకల డాక్టర్ల పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది.

మా మేస్త్రీ పాత జీపు మీద నాకు హ్యాండిల్ నేర్పాడు. ముందు గేరు కర్ర పట్టి అటూ ఇటూ ఊపి చూడమనేవాడు. తర్వాత చక్రం కింద రాయి. ఆ తర్వాతే హ్యాండిల్. “ఒరే, బొటనవేలు అటువైపు చుట్టకు. నాలుగు వేళ్ళ పక్కనే పెట్టు. కిందినుంచి పైకి గుంజు, పైనుంచి కిందికి తొక్కకు.” బొటనవేలు హ్యాండిల్‌ను చుట్టుకుని ఉంటే ఎదురుతన్ను తగిలినప్పుడు చెయ్యి విడిపించుకోలేం. పైకి గుంజుతున్నప్పుడు తంతే హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది, అంతే. పొలాల్లో ఆయిల్ ఇంజన్లు తిప్పినవాళ్ళకూ ఈ సంగతి తెలుసు. గేరు, రాయి, బొటనవేలు: ఈ మూడూ చూసుకోకుండా చెయ్యి వేసినవాణ్ణి మా మేస్త్రీ షెడ్డులోకి మళ్ళీ రానిచ్చేవాడు కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువై బొగ్గు గ్యాసు బస్సులు వచ్చాయి. బస్సు వెనక ఒక డ్రమ్ము, అందులో కట్టెబొగ్గు కుంపటి. గాలి చాలకుండా బొగ్గు మండితే వచ్చే గ్యాసే ఇంజనుకు మేత. అందులో ముఖ్యంగా మండేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. అందుకే ఆ కుంపటి మూసిన కొట్టంలో రాజేసే సరుకు కాదు, ఆరుబయట అంటించాల్సిందే. ఆ విషం బొగ్గు బస్సులతో పోలేదు. ఈనాటి పెట్రోలు కారు పొగలోనూ ఉంది. దాని సంగతి కాసేపట్లో వస్తుంది.

హ్యాండిల్‌కు విరుగుడు అమెరికాలో దొరికింది. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు అంతకుముందు దుకాణాల్లో డబ్బు లెక్కించే క్యాష్ రిజిస్టరుకు కరెంటు మోటారు పెట్టాడు. చిన్న మోటారే అయినా కాసేపటి కోసమైతే మామూలుగా మోయలేనంత బరువు మోస్తుందని ఆ పనిలో తెలుసుకున్నాడు. ఆ ఎరుకతోనే సెల్ఫ్ స్టార్టరు చేశాడు. 1912 మోడల్ కాడిలాక్ కార్లు దానితో వచ్చాయి. ఈ రోజుకీ సెల్ఫ్‌ది అదే తత్వం. ఇంజనును తిప్పే ఆ కాసేపు అది వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది. అందుకే తాళం వదిలాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటే నిమిషాల్లో కాలిపోతుంది.

మా వైపు సెల్ఫ్ అందరికీ నమ్మకంగా అందడానికి చాలా కాలం పట్టింది. పాత జీపుల్లో సెల్ఫ్ స్విచ్చు కాలికింద ఉండేది, సీట్లో కూర్చుని తొక్కితే తప్ప ఇంజను తిరగదు. బ్యాటరీ దిగిపోతే హ్యాండిల్, అదీ కాకపోతే తోసుడు. అడవి దారుల్లో తిరిగే జీపుల వాళ్ళు సాయంత్రం బండిని ఎత్తు మీద నిలిపి, గేర్లో వేసి, చక్రానికి రాయి పెట్టి పోయేవాళ్ళు. తెల్లారి రాయి తీస్తే జారుడు మీదే స్టార్టయ్యేది. ‘గేర్లో వేసి పోవడం’ అనే అలవాటు మా డ్రైవర్ల చేతుల్లోకి అలా దిగింది. డ్రైవింగ్ నేర్పేవాళ్ళు ఈనాటికీ అదే చెబుతారు. మంచి అలవాటే. ఈ ఒక్క అలవాటు రిమోట్ స్టార్టర్‌తో ఎలా తలపడుతుందో ముందుముందు చెబుతాను.

దానికంటే ముందు ట్రాక్టరు. మిర్చి, పత్తి పెరిగే ఈ నేలమీద ట్రాక్టరు లేని ఊరు లేదు. ఇగ్నిషన్ స్విచ్చు చెడిపోయినప్పుడు దాన్ని మార్చేబదులు చాలామంది కింద నిలబడి, సెల్ఫ్ మీదున్న రెండు బోల్టులకు స్క్రూడ్రైవరు ఆనించి స్టార్ట్ చేస్తారు. ‘డైరెక్ట్ ఇవ్వడం’ అంటారు దాన్ని. క్లచ్ తొక్కితేనే, న్యూట్రల్‌లో ఉంటేనే తిరగాలని కంపెనీ పెట్టిన కాపలా స్విచ్చులన్నీ ఆ స్క్రూడ్రైవరుతో పక్కకు పోతాయి. ట్రాక్టరు గేర్లో ఉంటే ఇంజను అంటుకున్న మరుక్షణం ముందుకు దూకుతుంది. డైరెక్ట్ ఇచ్చేవాడు నిలబడేది పెద్ద చక్రానికి ఎదురుగానే. ట్రాక్టరు ప్రమాదాల లెక్క రాసే దేశాల్లోనూ ఇలాంటి చావులున్నాయి.

బయట బిగించే రిమోట్ స్టార్టరంటే నా దృష్టిలో ఓ పొడుగాటి స్క్రూడ్రైవరు.

ఈ పరికరం మంచు కురిసే దేశాల్లో పెరిగింది. అమెరికా, కెనడాల్లో చలికాలం పొద్దున ఇంట్లోంచే కారు స్టార్ట్ చేస్తే అద్దాల మీది మంచు కరిగి, సీట్లు వెచ్చబడతాయి. అక్కడి కార్లలో ఎక్కువ భాగం ఆటోమేటిక్. గేరు పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే సెల్ఫ్ తిరుగుతుంది, నిలిపిన కారు పార్కింగ్‌లో ఉంటుంది గనుక తిరిగినా చక్రాలు కట్టేసే ఉంటాయి. మనవాళ్ళకు కావాల్సింది దానికి తలకిందులు. మే నెలలో ఖమ్మం, కొత్తగూడెం ఎండకు కారు లోపల చెయ్యి పెట్టలేం. ఎక్కేముందే ఏసీ ఆడాలి. కోరిక న్యాయమైనదే. కానీ మా దగ్గరున్న కార్లలో ఎక్కువ చేతి గేరువి, వాటిలో సగం గేర్లో వేసి నిలిపినవి.

2019 మేలో హ్యుందాయ్ వెన్యూ వచ్చాక ఫోన్ నుంచి ఇంజను స్టార్ట్ చేసే ఏర్పాటు చిన్న కార్లలోకీ దిగింది. కంపెనీ బిగించినదానికి లెక్కలుంటాయి: తలుపులు లాకై ఉన్నాయా, బానెట్ మూసి ఉందా, గేరు ఎక్కడుంది, కొన్ని నిమిషాల్లో ఎవరూ రాకపోతే ఇంజను ఆపెయ్యాలి. అది చూసి పాత కార్ల వాళ్ళకూ మనసైంది. ఆన్‌లైన్లో పుష్ బటన్, రిమోట్ స్టార్ట్ కలిపిన కిట్లు దొరుకుతున్నాయి. బిగించేవాడి చేతిని బట్టే దాని మంచీ చెడూ.

నా షెడ్డుకు వచ్చిన ఒక కారు సంగతి చెబుతాను. ఎక్కడో పట్నంలో కిట్టు బిగించుకొచ్చారు. ఇంటిముందు గేర్లో నిలిపి, వరండాలోంచి బటన్ నొక్కితే కారు ఎగిరి మెట్లకు గుద్దుకుంది. మెట్ల మీద ఎవరూ లేకపోవడం అదృష్టం. స్టీరింగ్ కింద ప్యానెల్ విప్పాను. క్లచ్ స్విచ్చు నుంచి వచ్చే రెండు వైర్లూ కోసి, ఒకదానికొకటి మెలేసి టేపు చుట్టారు. అంటే క్లచ్ ఎప్పుడూ తొక్కే ఉందని కారు నమ్ముతోంది. ఇగ్నిషన్ మెయిన్ వైరు తోలు ఒలిచి, దానికి కిట్టు వైరు చుట్టారు. సోల్డరింగ్ లేదు, ఫ్యూజు లేదు. ఎండకు టేపు జిగురు కారి పక్క వైర్ల మీద పేరుకుంది. తాళం సిలిండరు పక్కన, డ్యాష్‌బోర్డు లోపల, స్పేర్ కీ కట్టేసి ఉంది.

ఆ స్పేర్ కీ ఎందుకంటే, కీలోని చిప్‌ను గుర్తుపడితే తప్ప ఇంజను అంటుకోకుండా ఇమ్మొబిలైజర్ ఉంటుంది. రిమోట్‌తో స్టార్ట్ చేసేటప్పుడు కీ ఉండదు గనుక ఒక కీని లోపలే శాశ్వతంగా దాచేస్తారు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టన్నమాట. కొందరు స్టీరింగ్ లాక్ కూడా పీకేస్తారు. ఇక దొంగకు మిగిలిన అడ్డు అద్దం ఒక్కటే.

చేతి గేరు కారుకు తగిన మంచి కిట్లు లేకపోలేదు. వాటిలో ఒక పద్ధతి ఉంటుంది. ఇంజను ఆడుతుండగానే న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు గుంజి, కీ తీసి, దిగి తలుపు వెయ్యాలి. అప్పుడు కిట్టు తనంతట తాను ఇంజను ఆపుతుంది. మనిషి బయట ఉండగా ఇంజను ఆడుతోందంటే గేరు న్యూట్రల్‌లో ఉన్నట్టే కదా, అదీ దాని తర్కం. తర్వాత తలుపు ఒక్కసారి తెరిచినా ఆ అనుమతి రద్దు. దీనికోసం తలుపుల స్విచ్చు వైరు, హ్యాండ్‌బ్రేకు వైరు, బానెట్ తెరిచి ఉంటే స్టార్ట్ కానివ్వని బానెట్ పిన్ను వైరు అన్నీ కలపాలి. గంటల పని. తొందరలో బిగించేవాడు ముందుగా వదిలేసేవి ఈ మూడే.

బానెట్ పిన్ను లేకపోతే చచ్చేది మాలాంటివాళ్ళం. చెయ్యి ఫ్యాను బెల్టు దగ్గర ఉంటుంది, ఓనరు జేబులో రిమోట్ నొక్కుకుపోతుంది. అందుకే కిట్టున్న కారు వస్తే ముందు రిమోట్ నా చేతికిమ్మంటాను, తర్వాత బ్యాటరీ నెగెటివ్ ఊడదీస్తాను, ఆ తర్వాతే బానెట్‌లో చెయ్యి. ఇంకొకటి: స్టీరింగ్ కింద పసుపు తొడుగులో ఉండేవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు. 2019 జూలై నుంచి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ఆ తొడుగులో టెస్ట్ ల్యాంప్ గుచ్చి వెతికితే బ్యాగు ముఖం మీద పేలొచ్చు, అవసరమైన రోజు పేలకపోనూవచ్చు.

ఇప్పుడు బొగ్గు బస్సు విషం. మా ఊళ్ళో కొత్త ఇళ్ళకు కింద షట్టరు, పైన పడకగది. పిల్లవాడు రిమోట్‌తో ఆడి నొక్కినా, జేబులో నొక్కుకున్నా, షట్టరు వెనక ఇంజను ఆడుతూ ఉంటుంది. కిట్టులో ఆటోమేటిక్‌గా ఆగే టైమరు పెట్టకపోయినా, పాడైనా, పొగ మెట్ల గుండా పైకెక్కుతుంది. తలనొప్పి, వాంతి అనుకునేలోపే స్పృహ తప్పొచ్చు.

మనిషి లేని బండిలో ఇంజను ఆడటాన్ని చట్టం ముందే ఊహించింది. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో ఆగిన బండిలో డ్రైవరు సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలి. లేదా ఇంజను ఆపి, బ్రేకు వేసో మరో ఏర్పాటు చేసో, బండి దానంతటది కదలకుండా చూడాలి. ఫైర్‌మన్ గేజి మీద పెట్టిన కన్ను, మా మేస్త్రీ అడిగిన రాయి, జీపులో కాలికింది స్విచ్చు, అన్నీ చేసిన పని ఇదే. స్టార్టింగ్ సుళువైన కొద్దీ కాపలా మనిషి చేతిలోంచి స్విచ్చుకు మారింది. కంపెనీవాళ్ళు మార్చినప్పుడు ఒక కాపలా తీసి ఇంకోటి పెట్టారు. బజారు కిట్టు బిగించేవాడు తీయడమే చేస్తున్నాడు.

కాబట్టి నా మాట ఇది. చేతి గేరు కారుకు బయటి రిమోట్ స్టార్టర్ బిగించొద్దు. ఆటోమేటిక్ కారుకు కావాలంటే వారంటీ, ఇన్సూరెన్సు సంగతి ముందు కాగితం మీద తేల్చుకోండి. బానెట్ పిన్ను, ఫ్యూజు, టైమరు బిగించాక పని చేయించి చూడండి. కారు షట్టరు బయట ఉంచండి. ఇప్పటికే చేతి గేరు కారుకు బిగించుకున్నవాళ్ళు ఈ రోజే ఒక పని చెయ్యండి: చదునైన ఖాళీ స్థలంలో కారును న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా గుంజి, ఇంజను ఆపి, సీట్లో కూర్చుని బ్రేకు మీద కాలుంచి, క్లచ్ తొక్కకుండా రిమోట్ బటన్ నొక్కండి. సెల్ఫ్ తిరిగిందంటే మీ కారుకు గేరు సంగతి పట్టదేమోనని అనుమానించాల్సిందే. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ విప్పించి చూపించేదాకా రిమోట్‌లోంచి బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. ఎండ మాటంటారా, నాలుగు తలుపులూ రెండు నిమిషాలు తెరిచి ఉంచితే వేడి చాలావరకు పోతుంది. దానికి ఏ కిట్టూ అక్కర్లేదు.