చదువు ముగిసిన పిమ్మట: అమెరికాలో విదేశ విద్యార్థుల ఉద్యోగానుమతి చరిత్ర

మన పూర్వులు పొట్ట చేతబట్టుకొని స్వస్థలము విడిచి వచ్చిననాడు, అనుమతి పత్రము చూపుమని వారిని అడిగినవారు లేరు. సోలాపురమునకు మగ్గముల పనికై తరలిన పద్మశాలీలు గాని, బొంబాయి కామాఠిపురమున కట్టుబడి పనులు చేసిన తెలుగు కార్మికులు గాని, తమ చేతిలోని పనినే నమ్ముకొనిరి. భాష వేరైనను, ఏలుబడి వేరైనను, పని దొరకిన చోట నిలిచిరి. నిలిచిన చోట గుడి కట్టుకొనిరి, బడి పెట్టుకొనిరి. వారి సంతతియే మనము. నేడు మన యిండ్ల బిడ్డలు సముద్రములు దాటుచున్నారు. వారి ప్రయాణము మన పెద్దల ప్రయాణము వంటిది కాదు. అది దినములు లెక్కించుకొనుచు సాగవలసిన ప్రయాణము.

పెండ్లిలో గాని, సంఘ సమావేశములో గాని నలుగురు కలిసినచోట, “అబ్బాయి చదువు పూర్తియైనదట, ఉద్యోగములో చేరెనా?” అని అడుగుట మనకు అలవాటు. చదువునకును ఉద్యోగమునకును నడుమ ఒక చట్టము నిలిచియున్నదని అడుగువారికి తెలియదు. చెప్పవలసినవారు సిగ్గుపడి చెప్పరు. ఓపీటీ అను మూడక్షరములు నేడు మన వంటయిండ్లలో గూడ వినబడుచున్నవి. అది ఎప్పుడు పుట్టినది, ఎట్లు పెరిగినది, దాని బలమెంత, బలహీనత యెంత అనునది తెలిసినవారు తక్కువ. ఫారముల నడుమను, గడువుల నడుమను ఉద్యోగజీవితము గడపినవారము గనుక, ఈ చరిత్రను మా శక్తికొలది యిచ్చట వివరింప బూనితిమి.

నియమములు లేని కాలమునుండియే మొదలిడుదము. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టను నగరము చేరిరి. కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మసంస్థ వారి సాయమును, మామగారి సాయమును వారికి ఊతమయ్యెను. హార్వర్డులో ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొందుచు, పొట్టకై ఆసుపత్రిలో రాత్రివేళల చిన్న పనులు చేసిరి. చదువు ముగిసిన పిమ్మట అచ్చటనే పరిశోధకులై నిలిచి 1930లో డాక్టరేటు నందిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లిరి. హిందువులు అమెరికా పౌరులగుటకు అర్హులు కారని ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యములో తీర్పు చెప్పినదియు ఆ 1923లోనే. అంతటి శాస్త్రజ్ఞుడు పౌరసత్వము లేకయే 1948లో కన్నుమూసెను. చదువుకొనవచ్చినవాడు పని చేయుట వేరు, స్థిరపడుట వేరు అను సత్యము నాటినుండియే కలదు.

అప్పటి చట్టముల తీరు గమనింపదగినది. 1917 నాటి చట్టము ఆసియా ఖండమున పెక్కు భాగములనుండి వచ్చువారిని నిషేధించెను గాని విద్యార్థులను ఆ నిషేధమునుండి మినహాయించెను. 1924 నాటి చట్టము గూడ గుర్తింపు పొందిన విద్యాలయములలో చదువుటకై వచ్చువారిని సంఖ్యాపరిమితికి వెలుపల నుంచెను. 1946లో మన దేశీయులకు సంవత్సరమునకు నూరుగురి చొప్పున స్థిరనివాసమునకు దారి తెరచి, పౌరసత్వార్హతను గూడ కల్పించిరి. మరుసటి సంవత్సరమైన 1947లో వెలువడిన నియమమే మన కథకు మూలము. విద్యాలయము అవసరమని గాని, మంచిదని గాని చెప్పినచో, అభ్యాసశిక్షణ నిమిత్తము విద్యార్థి ఆరు మాసములు ఉద్యోగము చేయవచ్చుననియు, ఆ గడువును మరి రెండు పర్యాయములు ఆరేసి మాసముల చొప్పున పొడిగింపవచ్చుననియు ఆ నియమము పలికెను. అనగా మొత్తము పదునెనిమిది మాసములు. పుస్తకములో నేర్చినది చేతితో చేసి చూచిననే గాని విద్య పూర్తి కాదను భావము దీనికి ఆధారము.

1952లో వచ్చిన వలస, జాతీయతా చట్టము నేడును పునాదిగా నున్నది. ఎఫ్ 1 అను విద్యార్థి వర్గము దానినుండి పుట్టినది. స్వదేశమున నివాసము కలిగి, దానిని విడిచిపెట్టు తలంపు లేక, చదువు కొరకే వచ్చువాడు విద్యార్థియని ఆ చట్టము నిర్వచించెను. చదువు ముగిసిన పిమ్మట అతడు చేయు ఉద్యోగమును గూర్చి చట్టములో ఒక్క మాటయును లేదు. ఆ మాట చట్టసభ చెప్పినది కాదు. చట్టమిచ్చిన అధికారముతో ప్రభుత్వశాఖ వ్రాసిన నియమము మాత్రమే. ఈ భేదమును పాఠకులు మనసులో నుంచుకొన వేడుచున్నాము; తరువాతి వివాదములన్నియు దీనినుండియే పుట్టినవి.

1965 నాటి చట్టము జాతిని బట్టి సంఖ్య నిర్ణయించు పద్ధతిని తొలగించిన తరువాత మన దేశమునుండి వెళ్లు చదువరుల సంఖ్య పెరిగెను. 1990లో హెచ్ 1 బి అను ఉద్యోగ వీసాకు సంవత్సరమునకు 65,000 అను పరిమితి యేర్పడెను. 1992లో అభ్యాసశిక్షణ నియమములను తిరిగి కూర్చి, పాఠ్యక్రమములో భాగమైన శిక్షణకు సీపీటీ యనియు, విద్యార్థి తన యిష్టముచే ఎన్నుకొను శిక్షణకు ఓపీటీ యనియు పేర్లు పెట్టిరి. ఓపీటీకి పండ్రెండు మాసములు గడువు. సీపీటీ క్రింద పూర్తికాలము పండ్రెండు మాసములు పని చేసినవానికి ఆ స్థాయి చదువునకు ఓపీటీ లేదు. ఈ రెంటి తారతమ్యమెరుగక నష్టపోయినవారు పెక్కుమంది.

2001 సెప్టెంబరు ఘోరము పిమ్మట విద్యార్థులపై నిఘా హెచ్చినది. 2003నుండి సెవిస్ అను విద్యుత్ పట్టికలో ప్రతి విద్యార్థి చిరునామా, చదువు, ఉద్యోగము నమోదు కావలసివచ్చెను. 2004 నాటి చట్టము, అమెరికాలో మాస్టర్సు పట్టా పొందినవారికి హెచ్ 1 బిలో మరి 20,000 స్థానములు చేర్చెను. అయినను దరఖాస్తులు స్థానములను మించి, చీట్లు వేసి ఎన్నుకొనవలసి వచ్చెను. చీటి రానివాడు పండ్రెండు మాసములు కాగానే వెడలిపోవలెను. కంపెనీలవారు దీనిపై మొరపెట్టుకొనగా, 2008 ఏప్రిలులో విజ్ఞాన, సాంకేతిక, ఇంజనీరింగు, గణిత శాఖల పట్టభద్రులకు మరి పదునేడు మాసములు పొడిగించిరి. దానితో మొత్తము ఇరువదితొమ్మిది మాసములయ్యెను. ఆ నియమమే తొంబది దినములకు మించి నిరుద్యోగిగా నుండరాదను కట్టడిని గూడ తెచ్చెను. ఒక చేత నిచ్చి రెండవ చేత లెక్క అడిగినట్లు.

ఆ నియమమును ప్రజాభిప్రాయము కోరకయే వెంటనే అమలు పరచిరి. ఆ లోపమును పట్టుకొని వాషింగ్టను రాష్ట్రపు సాంకేతిక ఉద్యోగుల సంఘమువారు వ్యాజ్యము వేసిరి. 2015 ఆగస్టులో న్యాయస్థానము నియమమును కొట్టివేసి, విద్యార్థులు ఒక్కమారుగా వీధిన పడకుండ కొంత గడువిచ్చెను. ప్రభుత్వము ఈసారి ముసాయిదా ప్రకటింపగా ఏబదివేలకు పైగా అభిప్రాయములు వచ్చినవి. 2016 మే 10న కొత్త నియమము అమలులోనికి వచ్చెను. పొడిగింపు ఇరువదినాలుగు మాసములయ్యెను. మొత్తము మూడు సంవత్సరములు. నిరుద్యోగమునకు మరి అరువది దినములు చేర్చి నూటయేబది చేసిరి. ఉద్యోగమిచ్చువాడు ఏమి నేర్పునో వ్రాతపూర్వకముగా తెలుపవలెననియు, వారమునకు ఇరువది గంటలైనను పని యుండవలెననియు, వేతనము స్థానికులతో సమానముగా నుండవలెననియు నిర్ణయించిరి.

సంఘమువారు అంతటితో విరమింపలేదు. చదువు ముగిసినవాడు విద్యార్థి ఎట్లగును, చట్టములో లేని ఉద్యోగము నియమములో ఎట్లు పుట్టునని మూలమునే ప్రశ్నించిరి. వారి మొర కేవలము ద్వేషమని త్రోసివేయుట న్యాయము కాదు. విదేశ విద్యార్థి వేతనముపై మొదటి అయిదు సంవత్సరములు సాధారణముగా సామాజిక భద్రతా పన్ను లేనందున, యజమానికి స్వదేశీయునికన్న అతడు చౌక యగుచున్నాడని వారి బాధ. మన యూరిలో మన బిడ్డకు పోటీగా నిట్టివాడు వచ్చిన మనమును అట్లే అడుగుదుము. 2022 అక్టోబరులో అప్పీలు న్యాయస్థానము ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఓపీటీని నిలబెట్టెను. దేశములోనికి ఎవరు రావలెనో చట్టము చెప్పుననియు, వచ్చినవారు ఎంతకాలము, ఏ షరతులతో నుండవలెనో ప్రభుత్వశాఖ నిర్ణయింపవచ్చుననియు తీర్పు సారము. 2023 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము ఆ విషయమున జోక్యము చేసికొన నిరాకరించెను. అయినను, శాఖ వ్రాసిన దానిని శాఖయే మార్చగలదు. 2025 ఆగస్టులో విద్యార్థుల నివాసకాలమునకు నిర్ణీత గడువు పెట్టు ప్రతిపాదన వెలువడెను; ఆ సెప్టెంబరులో కొన్ని కొత్త హెచ్ 1 బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించు ప్రకటన వచ్చెను. ఇసుకపై కట్టిన యిల్లని అనము గాని, అద్దె యిల్లని మాత్రము చెప్పక తప్పదు.

2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది యుండగా, వారిలో ఓపీటీ క్రింద నున్నవారు 97,556 మంది. వీరిలో తెలుగువారు పెక్కుమంది యని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆశ హెచ్చినచోట మోసమును హెచ్చును. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమును అధికారులు మూసివేయించినపుడు, అందలి విద్యార్థులలో అధికులు ఆంధ్రప్రదేశ్ వారే. కొందరి కాళ్లకు జాడ తెలుపు యంత్రములు తగిలించిరి. 2019 జనవరిలో మిచిగను రాష్ట్రమున ఫార్మింగ్టను విశ్వవిద్యాలయమను పేరుతో అధికారులే పన్నిన వల బయటపడెను. అందు చిక్కినవారిలోను మనవారే యెక్కువ. తరగతులు లేకుండ ఉద్యోగానుమతి దొరకునను ఆశయే రెండుచోట్లను ఎర. పాఠము చెప్పని బడి పని చేయు హక్కు నీయలేదను చిన్న మాటను ఇంటిలోని పెద్దలు ముందే చెప్పియున్నచో ఎన్ని కుటుంబములు నిలిచియుండెడివో!

మోసము లేకున్నను ఏమరుపాటు చాలును. మా బంధువర్గమున ఒక కుర్రవాడు నిజాయితీగా చదివి పట్టా పుచ్చుకొనెను. ఓపీటీకి చదువు ముగియుటకు తొంబది దినములు ముందునుండి, ముగిసిన అరువది దినములలోపల దరఖాస్తు పెట్టవచ్చునని అతనికి తెలియును. విద్యాలయపు అధికారి సెవిస్‌లో సిఫారసు వ్రాసిన నాటినుండి ముప్పది దినములలో ఐ 765 ఫారము చేరవలెనను సంగతి మాత్రము గమనింపలేదు. ముప్పదినాలుగవ దినమున పంపెను. తిరస్కారము చేరునప్పటికి ఆ అరువది దినములును దాటిపోయినవి. కట్టిన రుసుము తిరిగిరాలేదు. అతడు తిరిగివచ్చి ఇచ్చట చిన్న ఉద్యోగములో చేరి, తండ్రి యిల్లు తాకట్టుపెట్టి తెచ్చిన అప్పును నేటికిని తీర్చుచున్నాడు. ఆ తండ్రి ఒక్కనాడును కుమారుని నిష్ఠురమాడలేదు. “నాలుగు దినములకు నలుబది సంవత్సరముల యిల్లు” అని ఒకసారి మాతో అని ఊరకుండెను.

కావున మన కుటుంబములకు మేము విన్నవించునది యిది. బిడ్డను పంపునపుడు పచ్చళ్ల సీసాలతోపాటు ఒక గడువుల పట్టికను గూడ వ్రాసి యిండు. అనుమతి కార్డు చేతికి రాకుండ ఒక్క దినమైనను పనిలో చేరవద్దని చెప్పుడు. నిరుద్యోగ దినముల లెక్క కార్డుపైనున్న ఆరంభదినమునుండి మొదలగునని చెప్పుడు. సందేహము వచ్చిన మిత్రుని గాక విద్యాలయపు అధికారిని అడుగుమనుడు. మూడు సంవత్సరములలో అప్పు తీరునను లెక్కపై ఇల్లు తాకట్టు పెట్టకుడు. ఆ మూడు సంవత్సరములు హక్కు కాదు, అనుమతి.

తిరిగివచ్చిన బిడ్డను ఓడివచ్చినవానిగ చూడకుడు. పరరాష్ట్రమున తరతరములుగా జీవించుచున్న మనకు ఆదరణ విలువ తెలియును. పొరుగు భాషవారు మన పెద్దలకు చోటిచ్చిరి కనుకనే నేడీ సంచిక వెలువడుచున్నది. దూరదేశమున చోటు దొరకిన బిడ్డలు అచ్చటివారికి కృతజ్ఞులై మెలగుదురు గాక. దొరకనివారికి మన యిండ్ల తలుపులు తెరచియుండు గాక.