పూటకూళ్ల యింటి చరిత్ర

మన డయోసీసు నూరేండ్ల పండుగ జరుపుకొనుచున్న ఈ శుభసమయములో మన దేవాలయములను, బడులను, ఆసుపత్రులను, హాస్టళ్లను గూర్చి ఈ సంచికలో అనేకులు వ్రాసియున్నారు. మేము వేరొక రకపు ఇంటిని గూర్చి వ్రాయదలచితిమి. త్రాగుడుకో మత్తుమందుకో బానిసయైనవాడు, చెరసాల నుండి విడుదలైనవాడు, ఉన్న గూడు పోగొట్టుకొని వీధిని పడినవాడు తిరిగి తన కాళ్లమీద తాను నిలువబడు వరకు కొన్ని నెలలు తల దాచుకొను ఇల్లు అది. పాశ్చాత్యులు దానిని హాఫ్‌వే హౌస్ అందురు. మనము నడిమి మజిలీ అనవచ్చును.

మంచి సమరయుని ఉపమానము మన సండేస్కూలు పిల్లలందరికి కంఠతా వచ్చును. అయితే గాయములు కట్టి, నూనెయు ద్రాక్షారసమును పోసినంత వరకే మనము ప్రసంగములలో తరచుగా వినుచుందుము. లూకా వ్రాసిన దానిలో అటుపిమ్మట పూటకూళ్లవాని యిల్లు ఒకటి ఉన్నది. రెండు దేనారములు చెల్లించుట ఉన్నది. అంతకంటె ఎక్కువైనచో తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనను వాగ్దానము ఉన్నది. దెబ్బలు తిన్నవాడు ఒక్క రాత్రిలో బాగుపడడనియు, వానికి ఒక ఇల్లు, ఒక ఇంటివాడు, కొంత కాలము, కొంత ధనము కావలెననియు ప్రభువు ఆ కథలోనే చెప్పియున్నాడు.

తొలి దినములు

ఈ పరిచర్య సంఘమునకు క్రొత్తది కాదు. క్రీ.శ. 4వ శతాబ్దములో, నేటి టర్కీ దేశములోనున్న కైసరయ పట్టణపు బిషప్పు బాసిలు బీదలకును, కుష్ఠరోగులకును, బాటసారులకును పట్టణము వెలుపల గృహములు కట్టించెను. తరువాతి శతాబ్దములలో సన్యాసుల మఠములు దారిన పోవువారికి అన్నము, పడక ఇచ్చుచు వచ్చినవి.

కాని త్రాగుబోతును, చెరనుండి వచ్చినవానిని ఉద్దేశించి ప్రత్యేకముగా ఇండ్లు తెరచుట 19వ శతాబ్దములో బలపడినది. అందుకు కారణమున్నది. లండను, న్యూయార్కు వంటి నగరములకు పనికొరకు లక్షలాది జనులు వచ్చి పడిరి. పల్లెలో బంధువులుందురు, పొరుగువారుందురు. నగరములో పని పోయినవానికి వీధి, సారాదుకాణము తప్ప మరొక చోటు లేకపోయెను.

వాటర్ వీధిలో ఒక దొంగ

జెర్రీ మెకాలే ఐర్లండులో పుట్టి, బాల్యములోనే న్యూయార్కు చేరి, నదిలో పడవల మీద దొంగతనములు చేయుచు త్రాగుబోతై తిరిగినవాడు. 1857లో వానికి 15 ఏండ్లకు పైగా శిక్ష విధించి సింగ్ సింగ్ చెరసాలకు పంపిరి. అచ్చట సువార్త విని మారుమనస్సు పొందెను. 1864లో క్షమాభిక్షపై విడుదలయ్యెను. ఇంతవరకు మన కూటములలో చెప్పుకొను సాక్ష్యముల వంటిదే. కాని ఆ తరువాత జరిగినదే మనము గమనింపవలసినది. బయటికి వచ్చిన మెకాలేకు పోవుటకు ఇల్లు లేదు, పలుకరించు విశ్వాసి లేడు. మరల పాత స్నేహితుల యొద్దకే పోయెను, మరల త్రాగెను, మరల దొంగిలించెను. అనేక పర్యాయములు పడి లేచిన పిమ్మటనే స్థిరపడెను.

కనుకనే 1872లో అతడును అతని భార్య మరియయు న్యూయార్కులోని వాటర్ వీధిలో, తాము పడిన ఆ పేటలోనే, తమవంటి వారి కొరకు ఒక మిషను తెరచిరి. ప్రతి రాత్రి కూటము జరిగెడిది. ఎవడు ఏ స్థితిలో వచ్చినను తలుపు తెరచియుండెడిది. మెకాలే 1884లో మరణించెను. 150 ఏండ్లు దాటినను ఆ పరిచర్య బౌరీ మిషనుతో కలిసి నేటికిని సాగుచున్నది.

పడిన గుర్రమునకున్న హక్కు

ఇంచుమించు ఆ కాలముననే ఇంగ్లండులో విలియము బూత్ పేరు వినబడెను. ఆయన 1865లో తూర్పు లండనులో ఆరంభించిన మిషను 1878లో సాల్వేషన్ ఆర్మీ, అనగా మనము రక్షణ సైన్యమని పిలుచు సంస్థయై వెలసెను. 1883లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమందు ఆ సైన్యమువారు చెరనుండి విడుదలైన వారికొరకు ఒక ఇల్లు తెరచిరి. దానికి చెరసాల గుమ్మపు గృహమని పేరు. విడుదలైనవానిని సారాదుకాణము కంటె ముందుగా ఒక విశ్వాసి కలిసికొనవలెనన్నదే దాని ఉద్దేశము.

1887లో ఒక రాత్రి లండను వంతెన దాటుచు, దాని గోడల మాటున చలిలో పండుకొనియున్న మనుష్యులను చూచి బూత్ కలతచెందెను. మరుసటి సంవత్సరము లైమ్‌హౌస్ అను చోట చౌక భోజనముతోకూడిన ఆశ్రయము తెరువబడినది. 1890లో ఆయన ఇంగ్లండు చీకటిని గూర్చియు, దానినుండి బయటపడు మార్గమును గూర్చియు గొప్ప గ్రంథము ప్రచురించెను. అందలి ఒక పోలిక నాడు ఇంటింట చెప్పుకొనిరి. లండను వీధిలో బండిగుర్రము జారిపడినచో అది ఎవరి తప్పని ఎవరును విచారింపరు, ముందు దానిని లేవనెత్తుదురు. బ్రతికియున్నంతకాలము దానికి మేత, కొట్టము, పని ఉండును. మనుష్యునికి ఆ గుర్రమునకున్న పాటి హక్కైనను ఉండరాదా అని బూత్ అడిగెను.

ఆయన పథకములో 3 మెట్లు కలవు. మొదటిది నగరములోని ఆశ్రయము, పనిశాల. రెండవది పల్లెలోని వ్యవసాయక్షేత్రము. మూడవది సముద్రము దాటి క్రొత్త దేశమున స్థిరపడుట. లక్ష పౌనులు కావలెనని కోరగా కొద్ది నెలలలోనే ప్రజలు ఇచ్చిరి. 1891లో ఎసెక్స్ ప్రాంతమున హాడ్లీ అను చోట పొలము కొని, నగరపు ఆశ్రయముల నుండి వచ్చినవారిని ఇటుకల పనిలోను, కూరగాయల తోటలలోను, కోళ్ల పెంపకములోను పెట్టిరి. ఆ క్షేత్రము నేటికిని రక్షణ సైన్యము చేతిలోనే ఉన్నది. ఇండ్లలోని పాత సామానులు పోగుచేసి, బాగుచేసి అమ్మవలెనని బూత్ తలచిన ఆలోచనయే, నేడు పలు దేశములలో ఆ సైన్యము నడుపు పాతసామాను దుకాణములకును, వాటి ఆదాయముతో నడుచు పునరావాస గృహములకును మూలము.

అంతయు సవ్యముగా జరిగినదని చెప్పుట న్యాయము కాదు. శాస్త్రవేత్త హక్స్‌లీ పత్రికాముఖమున బూత్ పథకమును తీవ్రముగా విమర్శించెను. నాలుగు పెన్నీలకు ఇచ్చిన పడకలు శవపేటికలవలె నున్నవని జనులు పేరు పెట్టిరి. పనివారి ఆరోగ్యము చెడకుండునట్లు 1891లో పెట్టిన అగ్గిపెట్టెల కర్మాగారము 10 ఏండ్లకు మూతపడెను. మూడవ మెట్టయిన సముద్రపారపు వలస అనుకొన్నట్లు వెలయలేదు. అయినను పడినవానికి అన్నము మాత్రమే గాక, వరుసగా ఆశ్రయము, పని, స్థిరనివాసము కావలెనన్న క్రమము లోకమునకు తెలిసినది.

ఒక సాక్ష్యము చేసిన ప్రయాణము

1882లో శామ్యూల్ హాడ్లీ అను త్రాగుబోతు మెకాలే న్యూయార్కులో పెట్టిన రెండవ మిషనుకు వచ్చి మార్పు చెందెను. 1886లో వాటర్ వీధి మిషనుకు ఆయనే అధ్యక్షుడయ్యెను. ఆయన సాక్ష్యమును తత్వవేత్త విలియము జేమ్స్ 1902లో ప్రచురించిన తన గ్రంథములో చేర్చెను. 1934 డిసెంబరులో బిల్ విల్సన్ అను మరొక త్రాగుబోతు, న్యూయార్కులోని కల్వరి ఎపిస్కోపల్ సంఘము నడుపు మిషనుకు వెళ్లి, కొన్ని దినములకు ఆసుపత్రిలో చేరి, అచ్చట జేమ్స్ గ్రంథమును చదివెను. మరుసటి సంవత్సరము 1935లో అతడును డాక్టరు బాబ్ స్మిత్ అను వైద్యుడును కలిసి, నేడు మన పట్టణములలో కూడ కూటములు జరుపుచున్న ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసమును ఆరంభించిరి. నదిదొంగ తెరచిన ఒక తలుపు ఎంతదూరము పనిచేసినదో చూడుడు.

1897లో విలియము రాస్ అను మాజీ త్రాగుబోతు న్యూజెర్సీలో తెరచిన కనికరపు కాలనీ నేటికిని నడుచుచున్నది. ఆసియాలో చూడగోరిన, 1966లో ఒంటరిగా హాంగ్‌కాంగు చేరిన ఇంగ్లీషు యువతి జాకీ పుల్లింజర్ గారిని తలంచుకొనవలెను. నల్లమందు, హెరాయిన్ కొంపలతో నిండిన గోడలనగరము అను పేటలో ఆమె పరిచర్య చేసిరి. ప్రార్థించి మత్తు మానిన యువకుడు అదే సందులోనికి తిరిగి పోయిన నిలువడని గ్రహించి, 1970 దశకములో వారికొరకు ఇండ్లు ఏర్పాటు చేయబడినవి. ఆ గోడలనగరమును 1993-94లో ప్రభుత్వము పడగొట్టినది.

మన తీరములో స్టువర్టుపురము

1882 సెప్టెంబరులో రక్షణ సైన్యము బొంబాయిలో దిగెను. నాయకుడు ఫ్రెడరిక్ టక్కరు ఐ.సి.ఎస్. ఉద్యోగము వదలి, కాషాయము కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకొనినవాడు. 1910 దశకములో ఆ సైన్యము నాటి గుంటూరు జిల్లాలో, నేటి బాపట్ల జిల్లాలో, ఎరుకల కుటుంబములకు ఒక సెటిల్‌మెంటు నడుపుట కారంభించెను. మద్రాసు ప్రభుత్వములో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేర అది స్టువర్టుపురమైనది. పొలము ఇచ్చిరి, బడి పెట్టిరి. పలువురు చీరాల పొగాకు కంపెనీలో పనికి పోయిరి.

ఇది కూడ పునరావాసమే అనిపించును. కాని ఒక పెద్ద తేడా ఉన్నది. వాటర్ వీధికి వచ్చినవాడు తన యిష్టముతో వచ్చెను. స్టువర్టుపురమునకు తేబడిన వారిని 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము తెచ్చెను. ఒక కులములో పుట్టుటయే నేరముగా ఎంచిన చట్టమది. హాజరు చెప్పవలెను, పాసు లేనిదే కదలరాదు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి ఉంచుటకు సైతము ఆ చట్టము అధికారమిచ్చెను. అచ్చట పనిచేసిన మిషనరీలలో ప్రేమగలవారు లేరని మేము అనము. కాని గేటు తాళము సర్కారు చేతిలో నున్నప్పుడు ప్రేమకు కూడ కావలివాని ముఖమే వచ్చును. ఆ చట్టము మద్రాసు రాష్ట్రములో 1947లోను, దేశమంతటను 1952లోను రద్దయినది. ఊరిపేరుకు అంటిన మచ్చ మాత్రము ఆ బిడ్డలను చాలకాలము వెంటాడెను.

1970 దశకములో ఆ ఊరివారి మధ్యకు వెళ్లి, సంస్కార్ అను సంస్థ ద్వారా వారి గౌరవము కొరకు పాటుపడినవారు విజయవాడ నాస్తిక కేంద్రమునకు చెందిన లవణము గారును, వారి భార్య హేమలత గారును. హేమలత గారు మహాకవి గుర్రం జాషువ గారి కుమార్తె. ఉపమానములో యాజకుడును లేవీయుడును దాటిపోగా, ఎవరును ఎదురుచూడని సమరయుడు ఆగెను. ఆ మాట మన నూరేండ్ల చరిత్రలో కూడ వ్రాసికొనదగినదే.

చరిత్ర నేర్పిన పాఠములు

మొదటిది, ఇల్లు ఆసుపత్రికి బదులు కాదు. చిరకాలము త్రాగినవాడు హఠాత్తుగా మానినచో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. కనుక ముందు వైద్యుడు, పిమ్మట ఇల్లు. ప్రార్థన రెండుచోట్లను ఉండవలెను.

రెండవది, తలుపునకు బయట తాళము ఉండరాదు. లోపల నియమములుండవలెను. మత్తు ముట్టరాదు, వేళకు లేవవలెను, వంటలోను పనిలోను పాలుపొందవలెను, సంపాదించిన దానిలో కొంత దాచవలెను. ఇష్టముతో ఒప్పుకొనిన నియమము కట్టు వంటిది, బలవంతముగా మోపినది సంకెల వంటిది.

మూడవది, పడి లేచినవారే మంచి ఇంటివారు. మెకాలే, హాడ్లీ, రాస్ అందరును అట్టివారే. మరల పడినవానిని చూచి వారు ఆశ్చర్యపడరు, అసహ్యించుకొనరు.

నాల్గవది, దుకాణము మూయించుట వేరు, మనిషిని నిలబెట్టుట వేరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన స్త్రీల ఉద్యమము వలన 1993లో సారాయి నిషేధము, 1995లో సంపూర్ణ మద్య నిషేధము వచ్చినవి. 1997లో నిషేధము సడలిపోయినది. ఆ తల్లుల పోరాటము మహత్తరమైనది. కాని చట్టము మారినంతలో మారిపోని అలవాటునకు మందు ఇల్లే. ఆ ఇంటిలో భార్యాబిడ్డల మాట కూడ వినబడవలెను, ఏలయనగా దెబ్బలు తిన్నవారు వారును గనుక. ఇల్లు విడిచిన స్త్రీలకు ప్రత్యేకముగా వేరొక ఇల్లు కావలెను.

అయిదవది, మజిలీ మజిలీగానే ఉండవలెను. వెళ్లు దినము ముందుగానే అనుకొనవలెను. వెళ్లినవానికి పని, అద్దె గది, ఆదివారము తన ప్రక్కన కూర్చుండు ఒక సంఘస్థుడు ఉండవలెను.

ఈ కడపటి విషయమే మనలను ఎక్కువగా నిలదీయుచున్నది. త్రాగుడు మానినవాడు కూటములో సాక్ష్యము చెప్పగా మనము హల్లెలూయ అని చప్పట్లు కొట్టుదుము. ఆ రాత్రి అతడు ఎచ్చట పండుకొనునో అడుగువారు తక్కువ. అదే సందు, అదే అప్పులవాడు, అదే దుకాణము అతని కొరకు కాచుకొనియుండును. ఆరు నెలలకు అతడు పడినప్పుడు విశ్వాసము చాలలేదందుము. మెకాలేను గూర్చియు నాడు అట్లే అనియుందురు.

మన పాత మిషను కాంపౌండులలో మనుష్య సంచారము లేక, పెంకులు జారిన బంగళాలు కొన్నియైనను ఉన్నవి. లీజులను గూర్చియు తగవులను గూర్చియు మన కమిటీలలో గడచు గంటలలో ఒక్క గంట, వాటిలో ఒకదానిని ఇట్టి యింటిగా చేయుటను గూర్చి గడపిన ఎంత మేలు! పది పడకలు, ఒక వంటశాల, దగ్గరనున్న ఒక వైద్యుడు, ఓర్పుగల ఒక ఇంటివాడు, నెలనెల తప్పక చేరు కానుక చాలును. రెండు దేనారములు ఆనాటి కూలివానికి రెండు దినముల కూలి. నెలకు రెండు దినముల కూలి ఇచ్చు కుటుంబములు ప్రతి పాస్టరేటులో కొన్ని లేకపోవునా? ఈ నూరేండ్ల పండుగ కానుకలలో ఇది కూడ ఒకటి కావలెనని మా మనవి. తిరిగి వచ్చునప్పుడు మిగిలినది తీర్చెదనన్న ప్రభువు మన డయోసీసునకు అట్టి మనస్సు దయచేయును గాక.