అరుగు మీది తర్కం

గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. సంస్థానం ఉన్నన్నాళ్లూ కార్తీక, మాఘ మాసాల్లో అక్కడ పండిత సభలు జరిగేవి. తర్కమూ వ్యాకరణమూ వేదాంతమూ చదివినవాళ్లు దూరప్రాంతాల నుంచి వచ్చి, వాదించి, సన్మానం పొంది వెళ్లేవారు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలన్నీ తిరిగారు. కృష్ణ ఒడ్డున జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు తానే 'చంద్రికాపరిణయం' రాశాడు. ఇదంతా మన సాహిత్య చరిత్రల్లో ఉంది. ఉండవలసిందే.

అయితే ఆ కోటకు కొన్ని కోసుల దూరంలో, మా ఊరి సాలెవీధి అరుగు మీద ఇంకో సభ జరిగేది. అక్కడా చర్చ వేదాంతమే. వాదించేవాళ్లు మాత్రం చీర నేసేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, దూదేకేవాళ్లు. ఆ సభకు ఆహ్వానం లేదు, వార్షికం లేదు, శాలువా లేదు. కాబట్టి చరిత్ర కూడా లేదు.

మా తాత నేతగాడు. అమావాస్యనాడు మగ్గం ఆడదు. ఆ రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద లాంతరు పెట్టేవారు. తంబురా ఒకటి, తాళాలు రెండు జతలు, చిరుతలు. బెల్లం టీ ఒకసారి వచ్చేది. గాంజా చిలుం కూడా తిరిగేది. దాన్ని దాచిపెట్టి ఈ గోష్ఠులను పవిత్రం చేయాలన్న కోరిక నాకు లేదు. నేతగాళ్లతో పాటు మంగలి, చాకలి, దూదేకుల సాయెబు, పశువులకు మేత వేసి ఆలస్యంగా వచ్చే జీతగాళ్లు ఇద్దరు ముగ్గురు, మోటకు తోలు తొండాలు కుట్టే మాదిగ పెద్ద ఒకాయన వచ్చేవారు. ఆడవాళ్లు తలుపు వెనక కూచునేవారు. అప్పుడప్పుడు తలుపు వెనకనుంచి ఒక్క మాట వచ్చి వాదాన్ని తిప్పేది. కానీ ఆ మాట అన్నదెవరని ఎవరూ అడిగేవారు కాదు.

పద్ధతి ఇది. ఒకరు తత్వం ఎత్తుకుంటారు. చరణం చివర ఎవరైనా తాళం ఎత్తి పట్టుకుంటే పాట ఆగాలి. "దీని ముడి విప్పు" అంటారు. పాడినవాడు విప్పాలి. తొమ్మిది వాకిళ్ల ఇల్లంటే ఏమిటి, ఐదుగురు దొంగలెవరు, నీళ్లులేని చెరువులో చేప ఎట్లా ఈదింది? ఇవి చిన్న ముడులు, పిల్లలం మేమే విప్పేవాళ్లం. అసలు ముడులు వేరే ఉండేవి. విప్పలేకపోతే వచ్చే అమావాస్య దాకా గడువు. ఒక ముడి మూడు నెలలు నడవడం నాకు గుర్తుంది.

అది నిద్ర గురించి. దూదేకుల సాయెబు అడిగాడు: "నిద్రల నేను లేనా? లేకుంటే లేచినంక మంచిగ నిద్ర పట్టిందని చెప్పేదెవరు?" దానికి మా తాత అన్నాడు: "లేచినంక పుట్టినోడు నిద్రకు సాక్ష్యం ఎట్ల చెప్తడు?" సుఖంగా నిద్రపోయానన్న మాట జ్ఞాపకమా, ఊహించి చెప్పిందా అన్నది అద్వైతులకూ నైయాయికులకూ మధ్య వందల ఏళ్లు నడిచిన వాదం. గద్వాల పండిత సభలో ఇదే ప్రశ్న సంస్కృతంలో వచ్చి ఉంటే శాస్త్రార్థం అనేవాళ్లం. అరుగు మీద తెలుగులో వచ్చింది కనుక భజన అన్నాం.

మా తాత వాదం ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. అది అచలం. శివరామ దీక్షితులను మూలగురువుగా చెప్పుకునే ఈ మార్గం తెలంగాణలో కింది కులాల మధ్య బాగా పాకింది. 'నేనే బ్రహ్మం' అన్న అద్వైతాన్ని కూడా ఇది ఒప్పుకోదు. ఆ 'నేను' అనేదే ఎరుక, ఎరుక అబద్ధం, ఉన్నది కదలని బయలు ఒక్కటే అంటుంది. విగ్రహం, వ్రతం, తీర్థం, పునర్జన్మ అన్నీ ఎరుకతో పుట్టి ఎరుకతో పోయేవే. పునర్జన్మ లేదంటే పూర్వజన్మ కర్మ కూడా లేదు. పూర్వజన్మ కర్మ లేదంటే ఈ జన్మలో ఒకడు చెప్పులు కుట్టడానికీ ఇంకొకడు భూమి ఏలడానికీ ఇచ్చే సంజాయిషీ కూలిపోతుంది. ఇది భౌతికవాదమని నేననను. కానీ భూస్వామ్య వ్యవస్థకు కావలసిన వేదాంతం మాత్రం ఇది కాదు.

ఈ దారిలో అచలం ఒక్కటే లేదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో సిద్దయ్య దూదేకులవాడు, కక్కయ్య మాదిగ. వాళ్ల పేర్లమీద తత్వాలు మా వైపు ఇప్పటికీ పాడతారు. వేమన సరేసరి. మన్యంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసు కీర్తనలు భక్తి వైపు మొగ్గినవి. అరుగు మీద ఈ తేడాలు అందరికీ తెలుసు. "అది భక్తి పాట, ముడి లేదు, పాడుకో" అనేవారు కొంచెం తేలికగా. గాయకుల ఈ విభజన మన జానపద సాహిత్య వర్గీకరణల్లో నాకు కనబడలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. వనపర్తిలో చదువుకునే రోజుల్లో నేను తత్వాల మీద మొదటి వ్యాసం రాశాను. అందులో వాటిని పలాయనవాదం అన్నాను. దేహం మట్టి, సంసారం మాయ అని పాడుకునే శ్రామికుడు దొర గడీని కూడా మాయ అనుకొని ఊరుకుంటాడని నా వాదన. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ అరుగు మీద పెరిగినవాణ్ణి, అక్కడ విన్నదాన్ని పక్కన పెట్టి, చదివిన సూత్రం ఒక్కటే పట్టుకొని రాశాను. దేవీప్రసాద్ చటోపాధ్యాయ 'లోకాయత' 1959లోనే వచ్చింది. సామాన్యుల ఆలోచనలో తాత్వికత ఉందని, అందరూ ఒక మేరకు తాత్వికులేనని గ్రాంసీ అంతకు చాలా ముందే జైల్లో రాసుకున్నాడు. నేను వాటిని ఆలస్యంగా చదివాను. చదివాక కూడా మా అరుగు గుర్తు రావడానికి మరికొంత కాలం పట్టింది.

వ్యాసంలో నేను దాటేసిన రాత్రి ఒకటుంది. ఆనాడు బయలు మీద చర్చ. మాదిగ పెద్ద తాళం ఎత్తిపట్టాడు.

"ఉన్నది బయలే గద. మరి కులం యాడ పుట్టింది?"

"ఎరుకల పుట్టింది, అన్నా" అన్నాడు మా తాత.

"ఎరుక అబద్ధమైతే కులమూ అబద్ధమే గద?"

"అబద్ధమే."

"మరి పొద్దుగాల బాయికాడ ఎట్ల?"

పాట మళ్లీ ఎత్తుకోవడానికి చాలాసేపు పట్టింది. తంబురా పట్టుకున్నాయన తీగలు సవరిస్తూ కూచున్నాడు. మా తాత జవాబు చెప్పలేదు. గడువు కూడా అడగలేదు. అరుగు మీద ఆయన్ను 'అన్నా' అని పిలిచే మా తాత, తెల్లవారి అదే మనిషిని వీధిలో 'ఏమిరా' అనేవాడు. ఇది చిన్నప్పటినుంచి చూస్తున్నదే. ఆ రాత్రి తర్వాతే నాకు అది వింతగా కనబడింది. ఆయన ఆ తర్వాత కూడా అమావాస్యలకు వచ్చాడు. ఆ ముడి మాత్రం మళ్లీ వేయలేదు.

తత్వగోష్ఠి బలమూ దాని హద్దూ ఒక్కచోటే ఉన్నాయని అందుకే అంటున్నాను. తర్కాన్ని చివరిదాకా నడిపే స్వేచ్ఛ అక్కడ ఉంది, ఆ తర్కాన్ని అరుగు దించే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు. పైగా గురువు మాట దగ్గర ప్రశ్న ఆగిపోయేది. గురుపూజల ఖర్చుకు అప్పులైన ఇళ్లూ నాకు తెలుసు.

కానీ అరుగు దిగినవాళ్లు ఎవరూ లేరా? హైదరాబాదు దళిత ఉద్యమ చరిత్ర చూడండి. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ హరికథలనూ భజనలనూ సంస్కరణ ప్రచారానికి వాడుకున్నాడు. ఆ తరంలోనే అరిగె రామస్వామి అచల మార్గంలో నడిచినవాడు, దళిత సంఘాలు కట్టినవాడు. కులం అబద్ధమన్న వాక్యాన్ని వీళ్లు కొత్తగా కనిపెట్టలేదు. ఊళ్లలో ముడిగా ఉన్నదాన్ని బస్తీలో డిమాండుగా మార్చారు. ఈ వారసత్వాన్ని మన అభ్యుదయ సాహిత్య చరిత్ర పెద్దగా పట్టించుకోలేదు. మన ఉద్యమాలన్నీ ఇంగ్లీషు చదువుతోనూ పత్రికలతోనూ మొదలయ్యాయని నమ్మడం మనకు అలవాటు.

పత్రికల సంగతే తీసుకోండి. సురవరం ప్రతాపరెడ్డి మా నడిగడ్డవాడే. 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. తెలంగాణంలో కవులు లేరన్నవాళ్లకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. ఆ పుస్తకానికి ఎంత రుణపడి ఉన్నామో చెప్పనక్కర లేదు. అయినా అది పద్యం రాసేవాళ్ల లెక్క. రాయనివాళ్ల లెక్క కోసం ఆయనే తర్వాత 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వైపు నడిచాడు. బహిరంగ సభకు నిజాం సర్కారు అనుమతి కావలసిన ఆ కాలంలో, అధ్యక్షుడూ కరపత్రమూ లేని అరుగు సభలు నెలనెలా జరిగిపోయాయి. వాటిని ఎవరూ సభలని అనుకోకపోవడమే వాటికి రక్షణ అయి ఉంటుంది.

నాగర్‌కర్నూలు వైపు అరుగు కూడా అక్కర లేకపోయింది. పాలమూరు మట్టిపని కూలీలు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగారు. 1970లలో శ్రీశైలం పనుల దగ్గర ఒక గుడిసెల వరస ముందు నేను రెండు రాత్రులు కూచున్నాను. దేహమనే ఇంటిని ఎవరు కట్టారన్న తత్వానికి అక్కడ వేసిన ముడి: ఇల్లు కట్టినోడు ఇంట్లో ఉంటాడా? ఆనకట్ట కట్టేవాళ్లు ఆ ప్రశ్న అడుగుతుంటే దాన్ని వైరాగ్యమని ఎట్లా అంటాం?

ఆ ఆనకట్ట నీళ్లే 1981లో కృష్ణ, తుంగభద్ర ఒడ్డు ఊళ్ల మీదికి వచ్చాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. మంచి పని. ఊళ్ల అరుగులకు అట్లాంటి పథకం లేదు. మనుషులు తలా ఒక దిక్కు పోయారు, ముడి వేసేవాడు ఒక ఊరికి, విప్పేవాడు ఇంకో ఊరికి.

2016లో పాలమూరు జిల్లాను చీల్చాక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరే జిల్లాలయ్యాయి. ఆ తర్వాత ఒకసారి ఊరికి పోయాను. సాలెవీధిలో మగ్గాలు తగ్గాయి, అరుగు మీద సిమెంటు పోశారు. ఆ మాదిగ పెద్ద మనవడు బడిపంతులు. తాత పాడిన తత్వాలను రెండు నోటుబుక్కుల్లో రాసి పెట్టాడు. కొన్ని చరణాల పక్కన ఎర్రసిరాతో ప్రశ్నలున్నాయి. బాయికాడి ప్రశ్న కూడా ఉంది, తేదీ లేదు. నకలు రాసుకుంటానని అడిగితే ఒక పుస్తకం ఇచ్చాడు. అమావాస్య లోపల తెచ్చియ్యాలని, ఆనాడు దానితో పని ఉందని చెప్పాడు.