బ్యూరెట్‌లో నెలవంక
మోకాలి గాయం వార్తలో ‘మెనిస్కస్ ఎముక చిరిగింది’ అని చదివి ఆగిపోయాను. అది ఎముక కాదు, మృదులాస్థి. మాట గ్రీకుది: ‘మేనే’ అంటే చంద్రుడు, ‘మేనిస్కోస్’ అంటే చిన్న చంద్రుడు, అంటే నెలవంక. ఆ వంపును బట్టే మోకాలి లోపలి మెత్తకూ, ఒక రకం కటకానికీ, ద్రవాలు కొలిచే గాజు గొట్టమైన బ్యూరెట్‌లో నీటి పైతలానికీ ఆ పేరొచ్చింది. నీరు గాజును పట్టుకుని అంచుల్లో పైకి పాకుతుంది. అందుకే కన్ను నీటిమట్టం ఎత్తులోనే ఉంచి అడుగు వంపు దగ్గర కొలత చూడాలి. పాదరసమైతే మధ్యలో ఉబ్బుతుంది, దానికి పై వంపే లెక్క. పర్మాంగనేట్ ముదురు రంగులో అడుగు కనబడదు కనుక పై అంచు చూస్తాం. ఇంటర్ ల్యాబ్‌లో మా మాస్టారు ‘నెలవంక అడుగు చూడరా’ అనేవారు. నాకు ఇప్పటికీ ఆ మాటే ఇష్టం. మన ‘నెల’ చంద్రుడూ, మాసమూ కూడా. గ్రీకులోనూ మాసాన్ని చెప్పే ‘మేన్’ ఈ ‘మేనే’కు చుట్టమే.