ఇళ్లలో పిల్లలకు విద్యుత్ భద్రత

కరెంటు ఇళ్లలోకి వచ్చిన తొలినాళ్లలో అది పసిపిల్లల చేతికి అందేది కాదు. ఇంటికి ఒకటో రెండో దీపాలు, అవీ పైకప్పుకు వేలాడేవి. ఇస్త్రీ పెట్టె వాడాలన్నా బల్బు ఊడదీసి ఆ హోల్డరుకే వైరు బిగించుకునేవారు. అమెరికాలో హార్వీ హబ్బెల్ 1904లో ఊడదీసి పెట్టుకునే ప్లగ్గుకు పేటెంటు పొందాడు. ఆ తర్వాత గోడ సాకెట్లు వ్యాపించి, కరెంటు పాకే బిడ్డ వేలు అందే ఎత్తుకు దిగింది. పిల్లల విద్యుత్ భద్రత చరిత్ర అక్కడే మొదలవుతుంది. ‘ముట్టుకోకు’ అని బిడ్డను అదిలించే దశ నుంచి, ముట్టుకున్నా ప్రాణం పోకుండా సాకెట్‌నూ వైరింగ్‌నూ తయారుచేసే దశకు చేరడమే ఈ వందేళ్ల కథ.

పసివాళ్ల చర్మం పలచన. చొంగతో తడిసిన వేలు కరెంటుకు తేలిగ్గా దారిస్తుంది. పళ్లు వచ్చే వయసులో వైరు కొరికితే పెదవి మూల లోతుగా కాలుతుంది. పైకి మానినట్టు కనిపించినా, వారం పది రోజులకు పొక్కు ఊడేటప్పుడు పెదవి రక్తనాళం తెగి ఒక్కసారిగా రక్తం కారే ప్రమాదం ఉంటుంది. అందుకే ఇలాంటి గాయాన్ని వైద్యులు చిన్నదిగా చూడరు. ఇక మాటలు రాని పసివాళ్లకు, ఆటిజం లేదా మేధోవైకల్యం ఉన్న కొందరు పిల్లలకు హెచ్చరికలు ఎక్కవు. వాళ్లకు మిగిలిన రక్షణ గోడలో ఉన్న పరికరమే.

ఈ సంగతిని అందరికంటే ముందు పట్టుబట్టి ప్రమాణంగా మార్పించిన ఘనత బ్రిటన్‌కు దక్కాలి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, యుద్ధం తర్వాత కట్టబోయే ఇళ్ల వైరింగ్‌ను పరిశీలించడానికి అక్కడ 1942లో ఒక కమిటీ సమావేశమైంది. ఇరవైమంది సభ్యుల్లో స్త్రీ ఒక్కరే: కరోలిన్ హాస్లెట్. 1924లో పుట్టిన మహిళా విద్యుత్ సంఘానికి ఆమె డైరెక్టర్, ఇంటి భద్రతలో నిపుణురాలు. 1944లో వెలువడిన కమిటీ నివేదిక, చిన్నపిల్లల భద్రత కోసం సాకెట్ రంధ్రాలకు లోపల మూతలు ఉండాలని సిఫారసు చేసింది. 1947లో వచ్చిన బీఎస్ 1363 ప్రమాణం దాన్ని తప్పనిసరి చేసింది.

ఏర్పాటు చాలా సరళం. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడుగు. అది ముందుగా లోపలికి దూరి మూతలను పక్కకు నెడితేనే కరెంటు ఉన్న రంధ్రాలు తెరుచుకుంటాయి. పిల్లవాడు ఆ రంధ్రాల్లో మేకు పెట్టినా మూతకే తగులుతుంది. 1984 నుంచి పిన్నుల మొదళ్లకు ప్లాస్టిక్ తొడుగు కూడా వచ్చింది. సగం ఊడిన ప్లగ్గు వెనక వేలు పోయినా షాక్ కొట్టకుండా ఉండటానికి ఇది.

మూతలున్న సాకెట్లకు పైనుంచి మళ్లీ ప్లాస్టిక్ బిళ్లలు కొనిపెట్టే అలవాటు మాత్రం అక్కడ వివాదమైంది. కొలత సరిపోని బిళ్ల లోపలి భాగాలను పాడుచేస్తుంది, తలకిందులుగా పెడితే మూతలనే తెరిచి ఉంచుతుంది. 2016లో బ్రిటన్ ఆరోగ్య శాఖ తన ఆసుపత్రులు, సంరక్షణ కేంద్రాల్లో వాటిని వాడొద్దని చెప్పింది. భద్రత పేరుతో అమ్మేదంతా భద్రత కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అమెరికా జాతీయ విద్యుత్ కోడ్ కొత్త ఇళ్లలో మూతల సాకెట్లను తప్పనిసరి చేసింది 2008లోనే, అంటే బ్రిటన్ తర్వాత అరవై ఏళ్లకు.

మూత ఆపలేని ప్రమాదాలూ ఉన్నాయి: తొడుగు చిరిగిన వైరు, కరెంటు దిగిన కూలర్ రేకు, బకెట్లో వేసిన వాటర్ హీటర్. వీటికి విరుగుడు వేరే దారిలో వచ్చింది. 1950లలో దక్షిణాఫ్రికా బంగారు గనుల కోసం హెన్రీ రూబిన్ సున్నితమైన లీకేజీ రక్షణ పరికరాన్ని రూపొందించాడు. ఆ దేశం 1974లో దాన్ని ఇళ్లకు తప్పనిసరి చేసింది. అమెరికాలో బర్కిలీ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్, పట్టుకున్న తీగను మనిషి తనంతట తాను వదలగలిగే గరిష్ఠ కరెంటు ఎంతో స్వచ్ఛంద సేవకులపై కొలిచాడు. సగటున పురుషులకు 16, స్త్రీలకు 10.5 మిల్లీయాంపియర్లని తేలింది. పిల్లలకు అది ఇంకా తక్కువ. అక్కడి ఇళ్లలో వాడే లీకేజీ రక్షణ పరికరాలు సుమారు 5 మిల్లీయాంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేస్తాయి. మన దేశంలో ఇళ్లకు వాడే ఇలాంటి పరికరం ఆర్‌సీసీబీ, దాని హద్దు సాధారణంగా 30 మిల్లీయాంపియర్లు. షాక్ తగులుతుంది గానీ, రెప్పపాటులో కరెంటు ఆగిపోతుంది గనుక గుండె ఆగే ముప్పు బాగా తగ్గుతుంది.

మన గుండ్రటి పిన్నుల సాకెట్ బ్రిటన్ పాత ప్రమాణం బీఎస్ 546 వారసత్వం. వాళ్లు దాన్ని దాదాపు వదిలేశారు, మనం ఐఎస్ 1293 పేరుతో కొనసాగిస్తున్నాం. పిల్లలకు అందే చోట ప్లగ్గు తీయగానే మూసుకుపోయే సాకెట్లు పెట్టాలని వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732 చెబుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నిబంధనలు, చిన్న లోడు కనెక్షన్లను మినహాయించి, లీకేజీ రక్షణను తప్పనిసరి చేశాయి. ఆ మినహాయింపే పెద్ద లోపం, ఎందుకంటే ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లు ఎక్కువగా ఉండేది ఆ తరగతిలోనే.

కాగితం మీది రక్షణను వాడకం కూడా దెబ్బతీస్తోంది. టూ-పిన్ చార్జరు దూరడం లేదని ఎర్త్ రంధ్రంలో పెన్ను గుచ్చి మూత తెరవడం తెలుగు ఇళ్లలో పెద్దలు పిల్లల ఎదుటే చేసే పని. ఇన్వర్టర్ పెట్టినప్పుడు న్యూట్రల్ వైర్లు కలిసిపోయి ఆర్‌సీసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే, తప్పు సరిచేయకుండా దాన్ని దాటేసి డైరెక్టుగా కలిపేసే ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. దేశంలో కరెంటు షాక్‌తో ఏటా పది వేలమందికి పైగా, అన్ని వయసులవారూ, చనిపోతున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి.

ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్ల వైరింగ్‌ను కనీసం అయిదేళ్లకోసారి తనిఖీ చేయించడం 2020 నిబంధనల ప్రకారం యజమాని బాధ్యత. ఇక్కడ పసిపిల్లలతో అద్దె ఇంట్లో దిగేవారు అడ్వాన్సు ఇచ్చేముందే మీటరు పక్కన ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కాలి. కరెంటు పోకపోతే ఆ పరికరం పనిచేయనట్టే. దాన్ని మార్పించమని యజమానిని అడగాలి.