మన ప్రాంతపు పేర్లు – వాని అర్థములు

ఊరి చరిత్ర వ్రాయవలెనన్నచో రాజుల పేర్లను, యుద్ధముల తేదీలను వెదకుట పరిపాటి. కాని చరిత్రలో మిక్కిలి భాగము మన నాలుకలమీదనే కలదు. ఏటికి, గుట్టకు, కుంటకు, చేనికి పూర్వులు పెట్టిన పేర్లే ఆ చరిత్ర.

నందికొండలలో పుట్టిన పాపఘ్ని పాలకొండలను చీల్చుకొని వచ్చుచోటు గండి. కొండ తెగిన చోటికి తెలుగువాడు పెట్టిన సూటియైన పేరది. పాపములను పోగొట్టునది యని నదికి సంస్కృతనామము. త్రోవకు మాత్రము అచ్చతెనుగు. జమ్మలమడుగులో జమ్ముగడ్డి పెరిగిన మడుగు, వేంపల్లెలో వేము, అనగా వేపచెట్టు, వినబడును. మన చక్రాయపేటలోని ‘పేట’ అంగడిగల జనావాసమును తెలుపును.

అయినను వినికిడి యొక్కటే ప్రమాణము కాజాలదు. మారెళ్ళమడక యనగానే రైతునకు మడక, అనగా నాగలి, స్ఫురించును. ప్రాతశాసనములందును లెక్కలందును పేరెట్లున్నదో చూడక అర్థము తేల్చరాదు. పేరు కాలక్రమమున మారును. క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ళ శాసనములోని చిఱుంబూరే నేటి చిలంకూరని పండితులు గుర్తించిరి.

1800లో ఈ సీమ కుంపిణీవారి వశమైన పిదప, కర్నల్ మెకంజీ పక్షమున పనిచేసినవారు ఊరూర కరణములనడిగి కైఫీయత్తులు వ్రాయించిరి. ఐర్లండు దేశమునందును 1830ల దశకమున జాన్ ఓడొనవన్ అను పండితుడు సర్వే శాఖవారి పక్షమున పల్లెపల్లెకు తిరిగి, వృద్ధులనడిగి, గేలిక్ పేర్లను అర్థములతో వ్రాసికొనెను. మన జిల్లా ఊర్ల పేర్లపై కేతు విశ్వనాథరెడ్డిగారు పరిశోధించి డాక్టరేటు పొందిరి.

ఊరి పేరునకు ఇట్టి రక్షణ కలిగినది. చేని పేరునకో? కాగితములలో చేనికి సర్వే నంబరే గుర్తు. చేల పేర్లెరిగిన కరణముల వ్యవస్థ 1984లో రద్దయ్యెను. ఇప్పుడవి వృద్ధుల జ్ఞాపకములందే మిగిలినవి. 2020లో గండికోట జలాశయము నిండగా తాళ్ళప్రొద్దుటూరు మునిగెను. ఊరివారు సామానులతో వేరుచోటికి తరలిరి. బావుల పేర్లు, చేలగట్ల పేర్లు తరలింపవలెనన్న, అవి ముందుగనే వ్రాసియుండవలెను.

మనయూరు మునుగలేదు. కాని చెప్పగలవారు ఒక్కొక్కరే వెడలిపోవుచున్నారు. కావున పాఠకులకొక మనవి. గ్రంథాలయమున ఒక పుస్తకముంచుదము. ప్రతి చేనికి, వంకకు, బండకు, దొరువుకు ఉన్న పేరు, పలుకుబడి యెట్లున్న అట్లే వ్రాయుదము. చెప్పినవారి పేరును, వారు చెప్పిన అర్థమును, వ్రాసిన తేదీని చేర్చుదము. రెండు కథలున్నచో రెండును వ్రాయుదము. ఏది నిజమో తరువాతివారు తేల్చుకొందురు.

పుస్తకములను కాపాడుట గ్రంథాలయధర్మము. ఇంకను పుస్తకము కానిదానిని పుస్తకము చేయుటయు ఆ ధర్మమే.