మడతకత్తి తాళము: పుట్టుపూర్వోత్తరములు

ఏకఖండముగా సాగగొట్టిన కత్తికి ఒర కావలెను. మడతకత్తి తన పిడినే ఒరగా చేసికొన్నది. ఈ సౌకర్యమునకు అది చెల్లింపవలసి వచ్చిన మూల్యము అలుగునకును పిడికిని నడుమనున్న ఇరుసు. పని లేనప్పుడు ఏ కదలిక వరమో, పని చేయునప్పుడు ఆ కదలికయే శాపమగును. కొయ్య చెక్కుచుండగా మొన ఎక్కడనైనను తగులుకొని వెనుకకు త్రోయబడినచో, అలుగు వచ్చి వాలునది పిడిని పట్టుకొన్న వ్రేళ్ళమీదనే. కావున మడతకత్తి చరిత్రమనగా, తెరచిన అలుగును కదలకుండ నిలుపుటకై మనుష్యుడు సుమారు 2,500 ఏండ్లుగా గావించిన ప్రయత్నముల చరిత్రమే యని నేను తలచుచున్నాను.

ఆస్ట్రియా దేశమున ఉప్పుగనులకు ప్రసిద్ధికెక్కిన హాల్‌ష్టాట్ సీమలో, ఎముకపిడి గల మడతకత్తి యొకటి దొరకినది, అది క్రీ. పూ. 6వ శతాబ్ది ప్రాంతమునకు చెందినది. రోమకుల కాలమున ఇట్టివి విరివిగా వాడుకలోనికి వచ్చెను. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాలయందున్న రోమక పరికరమున ఒకే వెండిపిడికి గరిటె, ముండ్లచెంచా, ఇనుప అలుగు మున్నగునవి అమర్చబడి యున్నవి. ఆ కాలపు సామాన్యమైన మడతకత్తులలో తాళమనునది లేదు. ఇరుసు బిగువు చేత కలుగు రాపిడియే వానికి ఆధారము. జపాను దేశమున మికీ పట్టణపు కమ్మరులు 19వ శతాబ్ది చివరను రూపొందించిన హిగోనొకామి అను కత్తియు ఈ వంశములోనిదే. అలుగు మొదట వెలికి సాగియున్న తోకను బొటనవ్రేలితో అదిమి పట్టుటయే అందలి తాళము, అనగా వాడువాని హస్తమే తాళమన్నమాట.

ఇంగ్లండులో షెఫీల్డు పట్టణము చాసరు కవి నాటికే కత్తులకు పేరెన్నిక గన్నది; అచ్చటి కత్తిపనివారి సంఘము 1624లో శాసనబద్ధముగా ఏర్పడెను. పిడి వెన్నులో ఉక్కుకమానును పొదిగి, అది అలుగు మొదటి చదునైన అంచును సదా ఒత్తుచుండునట్లు చేయుట ఆ శతాబ్దియందే అక్కడ వ్యాప్తి నొందెను. తరువాత 18వ శతాబ్దిలో, గడియారములు చేయుచుండిన బెంజమిన్ హంట్స్‌మన్ తన కమానులకు తగిన ఉక్కు దొరకక, మూసలలో కరగించి ఏకరీతియైన ఉక్కును తీయు విధానమును సాధించెను. స్విట్జర్లండున కార్ల్ ఎల్సెనర్ 1897లో రిజిస్టరు చేయించిన అధికారుల కత్తియందును నిలుపునది కమానే. ఐనను కమాను ఒత్తుడు తాళము కాదు. అది అలుగును తెరచియుండుటకు ఒప్పించును గాని, గట్టిగా త్రోసినచో దారి యిచ్చును.

నిజమైన తాళము కొరకు స్పెయిను దేశమునకు పోవలెను. అల్బసేటె పట్టణమునకు కీర్తి దెచ్చిన నవాహా అను కత్తిలో, వెన్నుమీది కమానునకు ఒక కన్నముండును. అలుగు పూర్తిగా తెరచుకొనగనే దాని మొదటి పల్లు ఆ కన్నములో పడును. మడువవలెనన్న కమానునకు తగిలించిన ఉంగరమును పట్టి పైకి లాగవలెను. కొన్నిటికి వరుసగా పండ్లుండుటచే తెరచునప్పుడు కటకటమను ధ్వని పుట్టును. ఇది దృఢమే, కాని కన్నములో పల్లు సులువుగా పడవలెనన్న ఆ రెంటి నడుమ కొంత సందు విడువక తప్పదు, ఆ సందే మొన వద్దకు వచ్చునప్పటికి ఊగులాటగా పెరుగును.

ఈ చిక్కును మిక్కిలి సరళముగా విడదీసినవారు ఫ్రాన్సు దేశపు సవాయ్ కొండసీమలోని ఒపినెల్ కుటుంబమువారు. జోసెఫ్ ఒపినెల్ 1890లో బీదరైతులకై చేసిన కొయ్యపిడి కత్తికి మొదట తాళమే లేకుండెను. 1955లో మార్సెల్ ఒపినెల్ పిడి కొసను ఒక లోహపు కట్టును, దానిపై తిరుగునట్టి చీలియున్న ఉంగరమును అమర్చెను. చీలిక అలుగునకు సూటిగా నున్నప్పుడు కత్తి తెరచుకొనును. ఉంగరమును త్రిప్పగనే చీలిక ప్రక్కకు తొలగి, ఏటవాలైన అంచు అలుగు మొదటిని ఒత్తి బిగించును. ఏటవాలు కలదు గనుకనే, అరుగుదల వచ్చినకొలది ఉంగరమును మరికొంచెము త్రిప్పినచో చాలును. పట్టు మరల కుదురును. గొడ్డలి కన్నములో కామ వదులైనప్పుడు మన రైతులు కొయ్యచీలిక కొట్టి బిగించునది ఈ న్యాయముననే. ఈ కత్తుల పరిమాణమును తెలుపు సంఖ్యలలో 6 మొదలు పెద్దవానికే ఈ తాళము కలదు. 2000 సంవత్సరమున దీనిని సవరించి, మడిచినప్పుడును బిగియునట్లు చేసిరి. ఇంత స్వల్పవ్యయముతో ఇంత గట్టిపట్టును సాధించిన కత్తి మరియొకటి లేదని నా అభిప్రాయము.

అమెరికాలో బక్ సంస్థవారు 1964లో వెలువరించిన 110వ సంఖ్య కత్తి, వెన్నుతాళమును వేటగాండ్రకును కూలివారికిని ఇంటిమాటగా చేసినది. పిడి వెన్నులో నడుమ చీలపై ఊగునట్టి దండముండును. దాని ముందుకొస అలుగు మొదటి గాడిలో పడును. వెనుకకొసను నొక్కినచో లేచును. బలమున కిది పేరుగాంచినది. ఐనను ఆ దండమును ఒక చీలపై తిరుగవలసినదే గనుక, ఇరుసు సందును చీల సందును కలిసి మొన పైకిని క్రిందికిని స్వల్పముగా కదలును. ఆండ్రూ డెమ్కో అను కత్తిపనివాడు అలుగునకును దండమునకును నడుమ ఒక అడ్డుచీలను నిలిపి భారమును దానిపై మోపి, దండపు చీల కన్నమును కొంచెము సాగదీసి, అరుగుదల వచ్చినను దండము తానై సర్దుకొనునట్లు చేసెను.

ఇంకొక మార్గము పిడి లోపలి రేకునే తాళముగా మలచుట. 1906 నాటి అమెరికా పేటెంటు వలన పుట్టి, సైన్యపు విద్యుత్పనివారి కత్తులలో చిరకాలము మెలగిన ఈ పద్ధతిని, 1980 ప్రాంతమున మైకేల్ వాకర్ పునర్నిర్మించెను. ఆయన వెన్నుకమానును తొలగించి, అలుగు ఆగుటకు ఒక అడ్డుచీలను పెట్టి, మడిచినప్పుడు అలుగును నిలుపుటకు రేకులో చిన్న గుండును పొదిగెను. రేకు తనంతట ప్రక్కకు వంగి వచ్చి అలుగు మొదటి వెనుక నిలుచును. అది తాకు ముఖమును సుమారు 7 నుండి 10 డిగ్రీల వాలుగా చెక్కుదురు. ఆ వాలు ఎక్కువైన రేకు జారును, తక్కువైన కరచుకొని విడువదు. 1987లో దక్షిణాఫ్రికాలో క్రిస్ రీవ్ లోపలి రేకును విడిచి, టైటానియపు పిడిపలకనే చీల్చి తాళముగా చేసెను. పిడిని బిగించి పట్టినకొలది చేతివ్రేళ్ళే తాళమును లోనికి ఒత్తుచుండును. 1998లో బెంచ్‌మేడ్ సంస్థ వెలికి తెచ్చిన మెక్‌హెన్రీ, విలియమ్స్‌ల యాక్సిస్ తాళమున, రెండు రేకులను దాటి అడ్డముగా సాగు ఉక్కుకడ్డీ అలుగునకును అడ్డుచీలకును నడుమ దూరి బిగియును. దాని పేటెంటు గడువు తీరిన తరువాత ఇతరులును అదే మార్గమును త్రొక్కిరి.

కొనదలచినవారు రెండు ఊగులాటలను వేరుచేసి చూడవలెను. ప్రక్కలకు ఊగుట ఇరుసు దోషము. మరను కొంచెము బిగించిన చాలవరకు కుదురును. పైకి క్రిందికి ఊగుట తాళపు దోషము. దానిని ఏ మరయు తీర్పజాలదు గనుక ముందుగా చూడవలసినది అదియే. పిడిని ఒక చేత గట్టిగా పట్టి, రెండవ చేతి వ్రేళ్ళతో అలుగు వెన్నును నెమ్మదిగా ఒత్తిన తెలియును. వెన్నును బల్లకు వేసి కొట్టి పరీక్షించువారు కలరు. దానివలన తాకు ముఖములు చెడును గాని వేరు ప్రయోజనము లేదు. రేకుతాళమైనచో, క్రొత్తకత్తిలో రేకు అలుగు మందమున మూడవ వంతు వరకే రావలెను. అప్పుడే ఆవలివైపుకు పోయినచో ముందు అరుగుదలకు చోటుండదు. ఇంటికి తెచ్చిన తరువాత ఇరుసునకు ఒక చుక్క నూనె వేయుట మంచిదే; తాకు ముఖమునకు మాత్రము నూనె తగులనీయరాదు, ఏలయన ఆ వాలుమీద రేకు నిలుచుట రాపిడి వలననే.